యాక్సెస్ శిక్షణ: వాడేవారినీ రాసేవారినీ వేరు చేయకండి

డెస్క్‌టాప్ డేటాబేసుల మీద ఒక్కరోజు శిక్షణ పెట్టేవారు కార్యక్రమాన్ని ఎక్కువగా ఒకే తీరులో వేస్తారు. ఉదయం వాడేవారికి, మధ్యాహ్నం డెవలపర్లకు. వసతి ఉంటే రెండు గదులు, రెండు బృందాలు. వాడేవారికి ఫారం ఎలా నింపాలో, ఫిల్టర్ ఎలా పెట్టాలో, రిపోర్టు ఎలా తీయాలో చెబుతారు. డెవలపర్లకు వీబీఏ (యాక్సెస్‌లో ప్రోగ్రాములు రాసే భాష), రికార్డ్‌సెట్లు, ఎర్రర్ హ్యాండ్లింగ్ చెబుతారు. చాలా ఏళ్ళుగా మైక్రోసాఫ్ట్ వారి డేటాబేసు సాఫ్ట్‌వేర్ యాక్సెస్‌లో చిన్న సంస్థలకు ప్రోగ్రాములు రాస్తూ, అడపాదడపా ఇలాంటి శిక్షణల్లో పాఠం చెబుతూ వచ్చిన నాకు ఈ విభజన మొదటినుంచీ మింగుడు పడలేదు. చేతిలో ఉన్నది ఒక్కరోజే అయినప్పుడు అందులో అధికభాగం ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర, ఒకే ఫైలు ముందు కూర్చోబెట్టాలన్నది నా వాదన. ఫారాల సొగసులు, వీబీఏ మెలకువలు ఎవరికి వారు వీడియోలు చూసి నేర్చుకోగలరు. టేబుల్‌లో ఒక వరుస దేనికి గుర్తో మాత్రం ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిందే.

ఎవరి గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పాలి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు, విజయవాడ ఆటోనగర్‌లోని స్పేర్ పార్టుల దుకాణాలు, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, మందుల హోల్‌సేల్ వ్యాపారులు, ప్రైవేటు కాలేజీల ఫీజు కౌంటర్లు. ఇలాంటి చోట్ల జమాఖర్చులు ట్యాలీలో ఉంటాయి. ట్యాలీలో ఇమడని వ్యవహారమంతా, అంటే ఏ సరుకు ఏ గదిలో ఉంది, ఏ లారీ ఏ లోడుతో ఎక్కడికి పోయింది, ఏ విద్యార్థికి ఎంత రాయితీ ఇచ్చారు వంటివన్నీ, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన యాక్సెస్ ఫైలులో నడుస్తుంటాయి. నలుగురైదుగురు దానిని నెట్‌వర్క్ మీద పంచుకుంటారు. రాసిన మనిషి వేరే ఊరు వెళ్ళిపోయి ఉంటాడు, లేదా ఫోన్లో దొరుకుతాడు.

ఈ లోకంలో వాడేవారికీ రాసేవారికీ మధ్య గోడ మొదట్లో లేదు. తొంభైలలో మన ఊళ్ళలో వీధికొకటిగా వెలిసిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో డీబేస్, ఫాక్స్‌ప్రో అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్న అకౌంటెంట్లు పగలు లెక్కలు రాసి, సాయంత్రం ఆ లెక్కలకు ప్రోగ్రాములు రాసేవారు. ఫాక్స్‌ప్రోను తయారుచేసిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ సంస్థను మైక్రోసాఫ్ట్ 1992లో కొనుగోలు చేసింది. అదే ఏడాది నవంబరులో సొంతంగా యాక్సెస్ మొదటి వెర్షన్‌ను విడుదల చేసింది. యాక్సెస్ గొప్పతనంగా అప్పుడు చెప్పుకున్నదే, ప్రోగ్రామర్ కానివాడు కూడా విజార్డుల సాయంతో టేబుల్, ఫారం, రిపోర్టు తయారు చేసుకోగలగడం. విజువల్ ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో పూర్తిగా ముగిసింది; ఆ ప్రోగ్రాముల మీద బతికిన ఆఫీసుల్లో కొన్ని యాక్సెస్‌కు మారాయి. కాలక్రమంలో రాసే పని ఒకరిది, నింపే పని మరొకరిది అయింది. శిక్షణ పెట్టేవారు ఆ చీలికను సహజమైనదిగా తీసుకుని దాని మీదే కార్యక్రమం కడుతున్నారు.

చీలిక వల్ల నష్టమేమిటో ఒక కోల్డ్ స్టోరేజీలో చూద్దాం. రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చి దింపుతాడు. లాట్ నంబరు వేసి, రకం రాసుకుని, ఏ చాంబర్‌లో పెట్టారో గుర్తు వేసి బాండు (సరుకు నిల్వ రసీదు) ఇస్తారు. డెవలపర్ ఇది విని ఒక టేబుల్ కడతాడు: లాట్ నంబరు, రైతు పేరు, రకం, టిక్కీలు, దింపిన తేదీ, తీసుకెళ్ళిన తేదీ, అద్దె. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. సీజను ముదిరేసరికి ఆ టేబుల్‌లో రిమార్కుల గడి నిండిపోవడం మొదలవుతుంది. ‘40 ఇచ్చాం, 60 ఉన్నాయి.’ ‘25 కమీషన్ కొట్టుకు పంపాం, మిగతావి బ్యాంకు లోనులో.’ ‘18 బావమరిది పేరు మీదికి మార్చమన్నారు.’ రైతు తన వంద టిక్కీలనూ ఒకేసారి తీసుకెళ్ళడు, ధర చూసుకుని విడతలుగా అమ్ముకుంటాడు. గుమాస్తాకు ఇది ఎంత మామూలు సంగతంటే, ప్రత్యేకంగా చెప్పవలసిన విషయమని తోచనే లేదు. డెవలపర్‌కు అడగాలని తోచలేదు. ఫలితంగా ‘తేజ రకం ఎన్ని టిక్కీలు నిల్వ ఉన్నాయి’ అని యజమాని అడిగితే ప్రోగ్రాం ఒక అంకె చెబుతుంది, గుమాస్తా రిమార్కులు చదివి, వేళ్ళ మీద లెక్కవేసి ఇంకో అంకె చెబుతాడు. ఒప్పు గుమాస్తాదే.

మందు తెలిసినదే. లాట్లకు ఒక టేబుల్, డెలివరీలకు మరొక టేబుల్. డెలివరీల టేబుల్‌లో ఒక్కో విడతకు ఒక్కో వరుస, అందులో లాట్ నంబరు, తేదీ, ఎన్ని టిక్కీలు, ఎవరు తీసుకెళ్ళారు. నిల్వను ఎక్కడా రాసిపెట్టరు, దింపినవాటిలోంచి ఇచ్చినవాటిని తీసేసి క్వెరీ (టేబుళ్ళను అడిగే ప్రశ్న) లెక్కకడుతుంది. పేరు మార్పిడి డెలివరీ కాదు, దానికి మూడో టేబుల్ కావాలి. బ్యాంకు తాకట్టుకు నాలుగోది. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన నాటినుంచి పుస్తకాలు దీనినే నార్మలైజేషన్ అంటూ మొదటి రూపం, రెండో రూపం, మూడో రూపం అని నేర్పుతున్నాయి. ఆ నిర్వచనాలను తెర మీద చూపిస్తే గుమాస్తాలు నిద్రపోతారు, డెవలపర్లు ముందే చదివామన్నట్టు తల ఊపుతారు. నా లెక్కలో రిమార్కుల గడిని మించిన సిలబస్ లేదు. శిక్షణకు వచ్చే ప్రతి సంస్థనూ తమ టేబుళ్ళలోని రిమార్కులను ప్రింటు తీసుకుని రమ్మనాలి. ఒకే రకం మాట పదిసార్లు కనిపించిందంటే అక్కడ ఒక టేబుల్ లోపించిందన్న మాట. దానిని పసిగట్టేది వాడే మనిషి, కట్టేది రాసే మనిషి. ఉదయమంతా ఈ పనికే పోయినా విచారించవలసినది లేదు. కంప్యూటర్లు తెరవకుండా కాగితం, పెన్సిలుతో చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే యాక్సెస్ తెరిచిన మరుక్షణం అందరి కళ్ళూ ఫారం రంగుల మీదికి పోతాయి.

డేటా రకాల సంగతీ ఇటువంటిదే. మొబైల్ నంబరులో ‘నంబరు’ ఉంది కదా అని ఆ గడిని నంబరు రకంగా పెట్టే డెవలపర్లు ఇప్పటికీ ఉన్నారు. యాక్సెస్ తనంతట తాను ఇచ్చే లాంగ్ ఇంటిజర్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 2,147,483,647. మన మొబైల్ నంబర్లు 6 మొదలు 9 వరకు అంకెలతో ప్రారంభమయ్యే పదంకెలవి కాబట్టి ఒక్కటి కూడా అందులో పట్టదు. ఎక్సెల్‌లో పన్నెండంకెల ఆధార్ నంబరు కొడితే మామూలు గడిలో అది దశాంశబిందువుతో కుదించిన రూపంలో కనిపిస్తుంది. పదహారంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నాగా మారిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ పదిహేను అంకెలకు మించి గుర్తుంచుకోదు. సర్వే నంబరు 12/3 అని కొట్టగానే తేదీ అయి కూర్చుంటుంది. 2024లో కొట్టి ఉంటే, కంగారుపడి ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినప్పుడు 45363 అనే సంఖ్య మిగులుతుంది. అది యాక్సెస్‌లోకి దిగుమతి అయ్యాక అసలు సర్వే నంబరు ఏమిటో వెనక్కి తెలుసుకోవడం ఎవరి వల్లా సులభంగా కాదు. కూడికకూ తీసివేతకూ పనికిరాని అంకెలన్నీ టెక్స్ట్‌గానే ఉండాలన్న చిన్న సూత్రం ఇద్దరికీ ఒకేసారి చెబితే ఒకరినొకరు కాపలా కాసుకుంటారు. డబ్బుకు మాత్రం కరెన్సీ రకం వాడాలి. డబుల్ అనే దశాంశ సంఖ్యల రకంలో పైసల దగ్గర వచ్చే స్వల్ప తేడాలు నెలాఖరు మొత్తాల్లో తలనొప్పి తెస్తాయి.

పేర్ల విషయంలో గుమాస్తాకు తెలిసింది పుస్తకాల్లో ఉండదు. విదేశీ నమూనాలను చూసి మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టిన ప్రోగ్రాములో ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు, ఒకరు పొడి అక్షరంతో సరిపెడతారు. వెంకటేశ్వరరావును ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాయవచ్చు కనుక ఒకే రైతు నలుగురు రైతులవుతాడు. తండ్రి పేరు, ఊరు కలిపితే సరిపోతుందని డెవలపర్ అనుకుంటాడు. ఒకే ఊళ్ళో అవి కూడా కలిసే ఇద్దరిని గుమాస్తా టక్కున చెప్పగలడు. పోనీ ఆధార్‌నే కీగా (ఒక్కో రైతును విడిగా గుర్తుపట్టే గడిగా) పెడదామంటే సరుకు తెచ్చినవాడు కౌలు రైతు, కాగితాలు పట్టాదారు పేరున, బాండు ఇంట్లో ఇంకొకరి పేరున ఉండవచ్చు. కాబట్టి యాక్సెస్ తానే వేసే, అర్థంలేని ఆటోనంబరును కీగా ఉంచి, కొత్త పేరు కొట్టినప్పుడు దగ్గరి పోలికలున్న పాత పేర్లను చూపించి ‘వీరేనా?’ అని అడిగే ఫారం కట్టడం మేలు. ఏ పోలికలు చూపాలో చెప్పవలసినది గుమాస్తాయే.

తెలుగులో పేర్లు నింపాలనుకునే ఆఫీసులకు మరో చిక్కు ఉంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో నింపిన డేటా తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లీషు అక్షరాల గజిబిజే. ఫాంటు లేని కంప్యూటర్‌లో చదవలేం, అకారాది క్రమం రాదు, వెతికితే దొరకదు. యాక్సెస్ 2000 నుంచి టేబుళ్ళలో యూనికోడ్ ఉంది, అంటే ఇరవై ఏళ్ళకు పైగా ఈ బాధ పడనవసరం లేదు. అయితే వీబీఏ ఎడిటర్ మాత్రం నేటికీ యూనికోడ్‌కు అలవాటుపడలేదు. అందులో తెలుగు సందేశం నేరుగా కొడితే ప్రశ్నార్థకాల వరుస మిగులుతుంది. సందేశాలను ఒక టేబుల్‌లో పెట్టి అక్కడినుంచి తెచ్చుకుని ఫారం మీద చూపడం దీనికి తేలిక దారి. ఆ టేబుల్‌లోని వాక్యాలను గుమాస్తాలే రాస్తే అవి మనుషులు మాట్లాడే తెలుగులా కూడా ఉంటాయి.

అసలు డెవలపర్ల పాఠాలను వాడేవారు వినవలసిన అవసరం ఏమిటని అడుగుతారు. తేదీల పురుగు (బగ్, అంటే ప్రోగ్రాములోని దోషం) గురించి చెబుతాను. మన కంప్యూటర్లలో తేదీ అమరిక రోజు, నెల, సంవత్సరం. కానీ వీబీఏలో క్వెరీ వాక్యాన్ని కూర్చి అందులో తేదీని నేరుగా అతికిస్తే యాక్సెస్ దానిని అమెరికా పద్ధతిలో నెల, రోజు, సంవత్సరంగానే చదువుతుంది, విండోస్ అమరికతో దానికి పని లేదు. జూన్ 5 కాస్తా మే 6 అయిపోతుంది. జూన్ 13 మాత్రం సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే పదమూడో నెల లేదు కనుక యాక్సెస్ చడీచప్పుడు లేకుండా అంకెలు తారుమారు చేసుకుని సర్దుకుంటుంది. గుమాస్తా ఫోన్ చేసి ‘నెల మొదట్లో రిపోర్టు తప్పు వస్తోందండీ, రెండో వారం దాటితే బాగానే ఉంటోంది’ అంటాడు. వినే డెవలపర్‌కు అది చాదస్తంలా తోస్తుంది. తన దగ్గర పరీక్షించింది ఇరవయ్యో తేదీన, అదీ తేదీలను మన పద్ధతిలోనే అర్థం చేసుకునే క్వెరీ డిజైన్ తెరలో. ఈ పురుగు లక్షణం తెలిసిన గుమాస్తా అయితే ‘తేదీ తిరగబడుతున్నట్టుంది’ అని ఒక్క ముక్కలో చెబుతాడు. వాడేవారికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, జబ్బుల లక్షణాలు తెలిస్తే చాలు.

ఫైలు పాడవడం గురించి కూడా ఇద్దరూ కలిసి వినాలి. నెట్‌వర్క్ మీద పంచుకునే యాక్సెస్ ప్రోగ్రామును రెండు ముక్కలు చేయాలి: టేబుళ్ళు మాత్రమే ఉండే వెనుక ఫైలు పంచుకునే ఫోల్డర్‌లో, ఫారాలు రిపోర్టులు ఉండే ముందు ఫైలు ఎవరి కంప్యూటర్‌లో వారికి విడి కాపీగా. విభజించే విజార్డు యాక్సెస్‌లోనే ఉంది, నిమిషాల పని. డెవలపర్ అలాగే చేసి వెళతాడు; మర్నాడు కొత్తగా చేరిన కుర్రాడు పక్కవాడి ముందు ఫైలుకే షార్ట్‌కట్ పెట్టుకుంటాడు, ఇంకొకరు లాప్‌టాప్‌లో వైఫై మీద తెరుస్తారు, యజమాని ‘భద్రంగా ఉంటుంద’ని వెనుక ఫైలును క్లౌడ్ ఫోల్డర్‌లోకి మారుస్తాడు. తీగ మీద నడవవలసిన రాత మధ్యలో సిగ్నల్ తెగితే సగం రాసిన పేజీ అలాగే మిగిలి ఫైలు దెబ్బతింటుంది. కరెంటు పోయే ఊళ్ళలో యూపీఎస్ లేని ఒక్క కంప్యూటర్ చాలు, అందరి పనీ ఆగడానికి. ఫైలు తెరిచి ఉన్నంతసేపూ పక్కనే కనిపించే తాళం ఫైలు ఏమిటో, అందరూ బయటికి వచ్చాకే కంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైలును కుదించి బాగుచేసే పని) ఎందుకు చేయాలో, చేసేముందు కాపీ ఎందుకు తీయాలో వాడేవారికి చెప్పకపోతే డెవలపర్ ఎంత బాగా కట్టినా నిలవదు. ఫైలు పరిమితి 2 జీబీ అన్న మాటా చెప్పాలి. ఆధార్ కార్డుల ఫోటోలను అటాచ్‌మెంట్ గడిలో కుక్కుతూ పోతే ఆ పరిమితి ఊహించినదాని కన్నా ముందే వస్తుంది. ఫోటోలను ఫోల్డర్‌లో ఉంచి టేబుల్‌లో ఆ ఫోటో ఎక్కడుందో చెప్పే దారి (పాత్) మాత్రమే రాసుకోవాలి.

నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం స్థాయిల తేడా. ఫిల్టర్ పెట్టడం రానివారినీ, క్లాస్ మాడ్యూళ్ళు రాసేవారినీ కలిపి కూర్చోబెడితే ఒకరికి అర్థం కాదు, ఇంకొకరికి విసుగు. ఇందులో నిజముంది, కనుకనే సాయంత్రం చివరి గంటన్నర విడదీయడానికి నాకు అభ్యంతరం లేదు. 32 బిట్ మైక్రోసాఫ్ట్ ఆఫీసులో రాసిన ఏపీఐ డిక్లరేషన్లు (విండోస్ సౌకర్యాలను వాడుకోవడానికి రాసే వరుసలు) 64 బిట్‌లో ఎందుకు ఆగిపోతాయో గుమాస్తాకు చెప్పి ప్రయోజనం లేదు. అయితే స్థాయి అన్నది ఒక్క నిచ్చెన అనుకోవడం పొరపాటు. ప్రోగ్రామింగ్‌లో పైమెట్టు మీదున్నవాడు వ్యాపారం తెలియడంలో కిందిమెట్టు మీద ఉంటాడు. ఉదయం విసుక్కునే డెవలపర్లను నేను చూశాను. వారి విసుగు చాలావరకు తమ టేబుల్‌ను గుమాస్తా ప్రశ్నిస్తున్నాడన్న అసహనమే, పాఠం తేలికైపోవడం వల్ల కాదు.

చనిపోయిన సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఎందుకనేవారికి కూడా ఒక మాట. యాక్సెస్ పోయిందన్న వార్త దాని వయసంత పాతది. 2013 వెర్షన్‌తో వచ్చిన యాక్సెస్ వెబ్ యాప్‌లను మైక్రోసాఫ్ట్ 2018లో ఆన్‌లైన్ సేవ నుంచి తొలగించింది. డెస్క్‌టాప్ యాక్సెస్ మాత్రం నిలిచింది. డేటాబేసును వదిలి ఎక్సెల్‌తో సరిపెట్టుకుంటామనేవారు ఇంగ్లండులో 2020లో జరిగినది గుర్తుంచుకోవాలి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కోవిడ్ కేసులు అక్కడి రోజువారీ లెక్కల్లోకి రాలేదు. ప్రయోగశాలల ఫలితాలను పాత ఎక్సెల్ ఫైళ్ళలోకి ఎత్తడం, ఆ ఫైళ్ళలో 65,536 వరుసలకు మించి పట్టకపోవడం దానికి కారణాలు. అంత పెద్ద దేశపు ఆరోగ్య సంస్థకే తప్పనిది మన కోల్డ్ స్టోరేజీకి తప్పుతుందా? ఇక సంస్థ పెరిగి ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేసుకు మారవలసి వస్తే టేబుళ్ళు అక్కడికి వెళతాయి, ఫారాలు యాక్సెస్‌లోనే ఉండి వాటికి లింకు అవుతాయి. టేబుళ్ళు సరిగ్గా ఉన్నవారికి అది కొద్ది రోజుల పని, రిమార్కుల గడిలో వ్యాపారం నడిపినవారికి ఏ సర్వరూ దిక్కు కాదు.

కలిసి కూర్చోవడం వల్ల శిక్షణ తరువాత కూడా ఒక లాభం ఉంటుంది. 2019 నవంబరులో వచ్చిన ఒక మైక్రోసాఫ్ట్ ఆఫీసు సెక్యూరిటీ అప్‌డేట్ తరువాత చక్కగా నడుస్తున్న అప్‌డేట్ క్వెరీలు (టేబుల్‌లోని డేటాను మార్చేవి) ఒక్కసారిగా 3340 నంబరు ఎర్రర్‌తో క్వెరీ పాడైందని చెప్పడం మొదలుపెట్టాయి. క్వెరీలో ఏ లోపమూ లేదు, తప్పంతా ఆ సెక్యూరిటీ అప్‌డేట్‌ది. టేబుల్ బదులు ఆ టేబుల్ మీద కట్టిన మరో క్వెరీని అప్‌డేట్ చేయించడం తాత్కాలిక ఉపాయం. ఎర్రర్ నంబరును ఉన్నదున్నట్టు రాసి పంపిన ఆఫీసుల్లో పని తొందరగా కుదుటపడింది. ‘ఏదో వచ్చింది, ఓకే కొట్టేశాను’ అన్నచోట్ల డెవలపర్ చీకట్లో తడుముకున్నాడు. ఎర్రర్ తెరను ఫోటో తీసి పంపడం అన్నది అయిదు నిమిషాల పాఠం, కానీ పంపవలసిన మనిషిని ముఖాముఖి చూసి ఉంటేనే గుమాస్తాకు పంపే చొరవ వస్తుంది.

సాధన ఫైళ్ళ గురించి కొంచెం. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నార్త్‌విండ్ నమూనా డేటాబేసుకు ఇప్పుడు ప్రారంభకులకు ఒకటి, డెవలపర్లకు ఒకటి అని రెండు రూపాలున్నాయి. చక్కగా కట్టినవే, ఇంటికెళ్ళి చదువుకోవడానికి మంచివి. శిక్షణ రోజున మాత్రం ఎవరి ఫైలు వారు తెచ్చుకోవాలి, ఆధార్, ఫోన్ నంబర్లు చెరిపేసి మరీ. ఒక్కో సంస్థ నుంచి నింపే మనిషి, రాసే మనిషి జంటగా రావాలి. రాసినవాడు దొరకని సంస్థకు వచ్చిన డెవలపర్లలో ఒకరిని జత చేయాలి. పది జంటలకు మించితే చెప్పేవాడు అన్ని బల్లల దగ్గరికీ వెళ్ళలేడు. సర్టిఫికెట్లు, ఫైలు కవర్లు, గ్రూప్ ఫోటోల మీద పెట్టే శ్రద్ధలో సగం ప్రతి బల్లకూ ఒక తెల్లకాగితాల కట్ట ఉందో లేదో చూడడం మీద పెట్టినా చాలు.

తేదీ ఖరారు చేసేముందు వచ్చేవారి వ్యాపారం కూడా చూసుకోవాలి. ఫీజు కౌంటర్ల వారికి జూన్ పనికిరాదు, హోల్‌సేల్ వారికి మార్చి నెలాఖరు పనికిరాదు. మిర్చి కోల్డ్ స్టోరేజీల వారికైతే నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టాలి. ఫిబ్రవరిలో కొత్త సరుకు దిగడం జోరందుకున్నాక నడుస్తున్న టేబుల్ మీద చెయ్యివేసే ధైర్యం డెవలపర్‌కు ఉండదు, గుమాస్తాను ఒక రోజంతా వదిలే యజమానీ ఉండడు.